నలభై రోజులకి నలభై వంతులు

అంగన్‌వాడీలో పిల్లల్ని తూచే రోజున మెర్సీ ముందుగా ఒక పళ్లెం తెచ్చి పెట్టుకుంటుంది. కాటా ఎక్కే ప్రతి బిడ్డ ఒంటి మీంచి పట్టీలు, మురుగులు, మొలతాడుకున్న బిళ్ల, ఆఖరికి జేబులో దాచుకున్న గోళీకాయలూ తీసి అందులో వేస్తుంది. "ఇనప ముక్క బరువు బిడ్డ బరువు కాదమ్మా" అంటుంది తల్లులతో. ఆయాగా చేరిన ఈ పంతొమ్మిదేళ్లలో, తల్లి మొహం చూసి ఒక్క గ్రాము ఎక్కువ చెప్పిన మనిషి కాదు.

ముక్తేశ్వరం దాటాక కాలవ గట్టు వెంట రెండు మైళ్లు పోతే వాళ్ల పేట వస్తుంది. ఆమె తండ్రి కామందుల ఇంట పాలేరు, తల్లి ఊడ్పులకీ కోతలకీ వెళ్లేది. గంజి కాస్తే అడుగున ఉన్న మెతుకు మగవాళ్లకీ పిల్లలకీ పెట్టి, పైన తేరిన నీళ్లు తల్లి తాగేది. ఆ నీళ్లు తాగుతూ కూడా ముందు కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకునేది. అది చూస్తూ పెరిగింది మెర్సీ. మిషన్ బడిలో పదో తరగతి దాకా చదివింది. అన్న మాస్టరయ్యాడు. ఆమెకి ఆయా పని వచ్చింది. తిండి విలువ ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. అలాంటి మనిషి సొంత ఇంట్లో మూడు నెలలపాటు తిండి దగ్గరే పొరపాటు పడింది. ఆ పొరపాటు ప్రేమతో చేసిందే.

ఆమె భర్త దానం లాకుల దగ్గర లస్కరు. కాలవ తలుపులు ఎత్తడం, దించడం, ఏ బోదెకి ఎంత నీరు పోతోందో చూడడం అతని పని. రెండో పంట దాళ్వాకి నీరు చాలని రోజుల్లో ఊళ్లకి వంతులు పెడతారు. ఎవరి వంతు వాళ్లకి గంట తేడా లేకుండా వదిలేవాడని దానానికి పేరు. చుట్ట కాల్చి ఎరగడు, చుక్క ముట్టి ఎరగడు. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు.

కిందటేడు నవంబరులో అతనికి బొడ్డు పైన నొప్పి మొదలై వీపులోకి గునపం దిగినట్టు దిగింది. కాకినాడ పెద్దాసుపత్రిలో చేర్చారు. అక్కడ మూడు రోజులు నోట్లో చుక్క పొయ్యలేదు, అంతా సెలైనే. మూడో నాటికి నొప్పి సడలింది. క్లోమంలో రాళ్లున్నాయన్నారు డాక్టర్లు. తిన్నది అరగడానికి రసాలు పంపే అవయవం అదేననీ, షుగరుని అదుపులో పెట్టేదీ అదేననీ చెప్పారు. ఇన్సులిన్ రాశారు, కాప్స్యూల్స్ రాశారు, నెలకోసారి రమ్మన్నారు.

దానం మనసులో మాత్రం ఒక్కటే నాటుకుంది. కడుపు ఖాళీగా ఉన్న మూడు రోజుల్లో నొప్పి పోయింది. కాబట్టి ఖాళీ కడుపే మందు. దేవుడు తనకి ఉపవాసంతోనే స్వస్థత చూపించాడు.

మెర్సీ మనసులోనూ అలాంటిదే పడింది. జబ్బు మనిషికి పథ్యం. నూనె కూడదన్నారని తాలింపు మానేసింది. నెయ్యి మానేసింది. పప్పు బరువని మానేసింది. గుడ్డు వేడని, చేప నీచని మానేసింది. కొబ్బరి కోరు లేకుండా కూరే వండని ఇంట్లో అసలు కూరే లేకుండా పోయింది. రెండు పూటలా చారన్నం, నీళ్ల మజ్జిగ. ఆమె కూడా అదే తిన్నది. ఆయన ముందు రుచిగా తినడానికి ఆమెకి మనసొప్పలేదు.

నొప్పి అప్పుడప్పుడు తప్ప రాలేదు. దాంతో ఇద్దరూ నయమవుతోందనుకున్నారు. నెలనెలా వెళ్లడం మానేశారు.

లాకుల దగ్గర మాటలు వేరుగా ఉండేవి. "తాగకుండా వస్తాదా ఆ జబ్బు? ఏం తాగేడో ఆ కాలవకే తెలియాలి" అన్నాడొకడు, దానం వింటుండగానే. దానం ఇంటికొచ్చి బైబిలు తీసి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు, పేజీ తిప్పకుండా.

ఫిబ్రవరిలో ఒకనాడు అతని బట్టలు ఉతుకుతుంటే మెర్సీ చేతులు ఆగాయి. ప్యాంటు నడుముకి లోపల వైపు పిన్నీసు ఉంది. దాని పక్కన ఇంకొకటి. ఇంకా లోపల మూడోది. తనకి చెప్పకుండా తనే పెట్టుకున్నాడు. మూడు పిన్నీసుల్నీ ఆమె ఒక్కొక్కటిగా వేలితో తడిమింది.

మర్నాడు అంగన్‌వాడీ సెంటరు కట్టేసే వేళకి దానాన్ని రమ్మంది. గోడకి ఆనించిన కాటా తీసి నేల మీద పెట్టింది.

"ఒకసారి ఎక్కండి."

"ఇది కడుపుతో ఉన్నోళ్ల కాటా కదే."

"ఎక్కినంత మాత్రాన కడుపు రాదు లెండి."

దానం నవ్వి ఎక్కాడు. ముల్లు కదిలి ఆగింది. మెర్సీ వంగి చూసింది. దిగమని, మళ్లీ ఎక్కమంది. ముల్లు అక్కడే ఆగింది. ముప్పై తొమ్మిది కేజీల నాలుగు వందల గ్రాములు. పెళ్లినాటికి ఈ మనిషి అరవై నాలుగు.

ఆమె గోడ మీది చార్టు వైపు చూసింది. పిల్లల బరువుకి అందులో మూడు రంగులున్నాయి. ఎర్ర రంగులో చుక్క పడిన బిడ్డ ఇంటికి అరగంటలో పరుగెత్తే మనిషి తను. ఒకే మంచం మీద పడుకుంటూ ఈ చుక్క చూడలేకపోయింది.

"ఏం చూపించింది?" అన్నాడు దానం.

"రేపు కాకినాడ వెళ్దారండీ" అంది మెర్సీ.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు కాగితాలన్నీ చూసి, రాళ్లు తియ్యాలంటే ఆపరేషన్ చెయ్యాలన్నాడు. "కానీ ఈ ఒంటికి కత్తి పెడితే పుండు మానదు. నలభై మూడు కేజీలకి రండి. ఈస్టరు వెళ్లాక తేదీ ఇస్తాను. ముందు తిండి మేడమ్‌ని కలవండి."

తిండి మేడమ్ అంటే శ్రీవాణి. పథ్యపానాలు చెప్పే ఆవిడ. ముప్పై ఏళ్లు దాటి ఉండవు.

"ఇంట్లో ఏం పెడుతున్నారమ్మా?"

"పథ్యమేనండీ. చారన్నం, మజ్జిగ. గుడ్డు గానీ పప్పు గానీ నూనెబొట్టు గానీ తగల్లేదండి. ఒక్క రోజు తప్పలేదు." ఆ చివరి మాట చెప్పేటప్పుడు మెర్సీ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

"మీరేం పని చేస్తారు?"

"అంగన్‌వాడీలో ఆయానండి."

"అక్కడ పిల్లలకేం పెడతారు?"

"పప్పన్నం, పాలు, గుడ్డు..." అంటూనే మెర్సీ ఆగిపోయింది.

శ్రీవాణి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "వినండమ్మా. ఆ మూడు రోజులు తిండి ఆపింది, లోపల మంట రేగింది కాబట్టి. ఇంటికి మంటంటుకుంటే అందర్నీ బయటికి పంపేస్తాం. ఆరేక మళ్లీ లోపలికి రానివ్వాలి కదా. మీరింకా బయటే నిలబెట్టేరు." తరువాత దానం వైపు తిరిగింది. "విరేచనం జిడ్డుగా, నీళ్ల మీద తేలుతూ అవుతోందా బాబాయ్ గారూ?"

దానం తల దించుకుని "ఆయ్" అన్నాడు.

"అంటే తిన్నది ఒంటికి పట్టడం లేదు. ఈ కాప్స్యూల్స్ ఎప్పుడు వేసుకుంటున్నారు?"

"పొద్దున్నే పరగడుపునండి. గ్యాస్ మాత్రలాగ."

"అది గ్యాస్ మాత్ర కాదండీ. మీ క్లోమం పంపాల్సిన రసం అందులో ఉంది. అన్నంతో కలిస్తేనే పని చేస్తుంది. మొదటి ముద్దతో వేసుకోండి."

ఆవిడ ఒక కాగితం మీద రాసిచ్చింది. రోజుకి ఆరుసార్లు, కొంచెం కొంచెం. పొద్దున్నే జావ. తరువాత ఇడ్లీ. మీగడ తీసిన పాలు, పెరుగు. మెత్తగా ఉడికిన పప్పు, ఆనపకాయ, బీరకాయ. గుడ్డు. చెంచా నూనెతో చేప పులుసు. వేపుళ్లు, నెయ్యి, కొబ్బరి కోరు తగ్గించాలి. నూనె బొత్తిగా మానక్కర్లేదు. "అన్నిటికన్నా ముఖ్యం, ఇన్సులిన్ వేసుకుని తినకుండా ఉండకూడదు. షుగరు పడిపోయి మనిషే పడిపోతాడు."

తిరుగు బస్సులో మెర్సీ ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివింది. ఏటి వంతెన దాటాక దానం కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

"రేపు భస్మ బుధవారం."

"ఆయ్."

"ఆ మూడు రోజులూ ఆసుపత్రి మంచం మీద మాటిచ్చేను మెర్సీ. ఈసారి నలభై దినాలూ పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టనని."

ఆమె అతని వైపు తిరిగింది. "మేడమ్ గారు చెప్పింది విన్నారు కదండీ."

"విన్నాను. ప్రాణం పోసినాయనకి ఇచ్చిన మాట కదా. ఊరంతా నన్ను తాగుబోతన్నారు. ఆయనొక్కడికే తెలుసు నేను తాగలేదని. ఆయన దగ్గర కూడా మాట తప్పమంటావా?"

మెర్సీ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆమె కూడా మాట తప్పని ఇంట్లో పుట్టిందే.

బుధవారం గడిచింది. గురువారం మధ్యాహ్నం శివారు రైతు ఒకాయన దానాన్ని స్కూటరు మీద తన వీపుకి కండువాతో కట్టుకుని తీసుకొచ్చాడు. లాకు తలుపు చక్రం తిప్పుతూ దానం చెమటలు పట్టి కూలిపోయాడట. ఆ రైతే దగ్గర్లోని టీ కొట్లోంచి పంచదార నీళ్లు తెచ్చి పట్టించాడట. "గట్టు మీదికి పడ్డాడు గాబట్టి సరిపోయిందమ్మా. ఇటు పడితే కాలవే" అన్నాడు.

దానం కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "నోట్లో పోసేరా?"

ఆ సాయంత్రం పక్కింటి అచ్చాయమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. కాలవ అవతల ఆవిడకి నలభై కొబ్బరి చెట్ల తోట ఉంది. డెబ్బై దాటిన మనిషి. శనివారం వస్తే వాడపల్లి వెంకన్నకి ఉపవాసం. వెళ్లగలిగిన వారం వెళ్తుంది, లేని వారం ఇంట్లోనే దణ్ణం పెట్టుకుంటుంది. మెర్సీ ఆవిణ్ణి పిన్నిగారూ అంటుంది. జరిగిందంతా చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడవకే అమ్మాయ్. మా అత్తగారికి మొక్కుండేది. కాళ్లు పడిపోయేక ఆవిడ బదులు నేను తీర్చేను. మొక్కు ఇంటిదే గానీ మనిషిది కాదు. మీలో అలా కుదరదా?"

"తెలీదండీ పిన్నిగారూ."

"తెలీకపోతే మీ అయ్యగార్ని అడుగు. ఎల్లుండి శనివారం నేనెలాగూ మాడతాను. అది దానం పేర రాసుకో. ఈ నలభై రోజుల్లో ఎన్ని శనివారాలొస్తాయో చూడు."

మెర్సీ క్యాలెండరు చూసింది. "ఏడండీ."

"చూసేవా, ఏడు. మా వెంకన్న మొక్కు లెక్కా ఏడు శనివారాలే" అంది అచ్చాయమ్మ, ఇంతకన్నా రుజువేం కావాలన్నట్టు.

శుక్రవారం ఉపవాసం దానం బదులు మెర్సీ తనే ఉండి, అతని చేత బలవంతంగా జావ తాగించింది. ఆ సాయంత్రం చర్చి అయ్యగారి దగ్గరికి వెళ్లింది. ఆయన అంతా విన్నాడు. తరువాత, "పక్షవాతం మనిషిని నలుగురు మంచంతో మోసుకొచ్చేరు గదమ్మా. నడిచి రాలేదని ఆయన్ని ప్రభువు వెనక్కి పంపలేదు" అన్నాడు.

ఆదివారం ఆరాధన చివర ఆయన సంగతి చెప్పి, దానం బదులు ఒక్కో రోజు ఎవరుంటారని అడిగాడు. ముందుగా స్త్రీల సమాజం వరసలోంచి ముసలి సరోజిని లేచింది. "నాకు పళ్లు లేవు. నేను తిన్నా తినకపోయినా ఒకటే. సోమవారం నాది." నవ్వులొచ్చాయి. ఆ నవ్వుల మధ్యే చేతులు లేవడం మొదలైంది. మంగళవారం ఒకరు, బుధవారం ఒకరు. లాకుల దగ్గర ఆ తాగుడు మాటన్నవాడు మగవాళ్ల వరసలో చివర ఉన్నాడు. అతను చెయ్యెత్తి, ఏ రోజు మిగిలితే ఆ రోజు రాసుకోమని గోడవైపు చూస్తూ అన్నాడు.

దానం డోలక్ పక్కన తల వంచుకునే ఉన్నాడు. ఇంటికొచ్చాక అన్నాడు, "నా బరువు ఇంతమంది మీద వేసేవా?"

మెర్సీ కాప్స్యూలు, అన్నం కంచం తెచ్చి ముందు పెట్టింది. "వంతొచ్చిన నీరు పెట్టుకోనివాడికి చేను ఎండుతుంది గానీ పుణ్యం రాదని రైతులకి మీరే చెప్తారు కదండీ. ఇదీ వంతే. వాళ్ల వంతు ఆకలి, మీ వంతు అన్నం. మీరు పెట్టుకోకపోతే వాళ్ల ఆకలి బోదెలో పోయిన నీరే."

దానం కంచం దగ్గరికి లాక్కున్నాడు. మొదటి ముద్దతో కాప్స్యూలు వేసుకున్నాడు.

అప్పట్నించి రోజుకి ఆరు వంతులు. పొద్దున్న ఇడ్లీ మెర్సీయే పెట్టేది. పదకొండింటికి ఆ రోజు ఉపవాసమున్న ఇంటివాళ్లు మజ్జిగో, ఉడికిన గుడ్డో లాకుల దగ్గరికి పంపేవారు. సరోజిని చేప పులుసు వండి తెచ్చి, నూనె చెంచాడే వేశానని చెంచా కూడా తెచ్చి చూపించింది. ఒకామె ఆత్రేయపురం పూతరేకులు తెచ్చింది, నేతితో మెరిసిపోతున్నవి. మెర్సీ ఆమె ఎదుట కళ్లకద్దుకుని, తరువాత సెంటరులో పంచేసింది. శివారు రైతు ఏ మతంవాడో ఎవరూ అడగలేదు. చక్రం తిప్పే వేళకి వచ్చి, ఏదో పనున్నట్టు ఓ చెయ్యి వేసేవాడు.

ప్రతి సోమవారం కాటా. నలభై. మరో వారం కదల్లేదు. ఆ వారం మెర్సీ వంటింట్లో మోకాళ్ల మీదే ఎక్కువ ఉంది. శ్రీవాణికి ఫోను చేస్తే, రాత్రి పాలతో ఇంకో కాప్స్యూలు వెయ్యమంది. నలభైన్నర. నలభై ఒకటీ ఆరు వందలు. పిన్నీసుల్లో లోపలిది ఊడింది.

గుడ్ ఫ్రైడే దగ్గరపడింది. ఉపవాసాల వంతులు రాసుకున్న పట్టికలో ఆ రోజు ఖాళీగా ఉంది. ఆనాడు ఎవరి ఉపవాసం వాళ్లదే, ఇంకొకరి బదులు ఉండేవారు లేరు.

"ఆ ఒక్క రోజూ నాకొదిలెయ్యి" అన్నాడు దానం. "సిలువ ముందు కూర్చుని ముద్ద మింగలేను." ఆ పొద్దున ఇన్సులిన్ ఆమే వేసింది. జావ మాత్రం ఆమె కోసమని తాగాడు. క్యారేజీ కట్టి సంచిలో పెట్టి చర్చికి తీసుకెళ్లింది. తెరుస్తాడో లేదో తెలీదు.

పన్నెండింటికి ఆరాధన మొదలైంది. చర్చి నిండిపోయింది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఒకరి తరువాత ఒకరు చెబుతున్నారు. ఒంటిగంటయింది. మెర్సీ ఆడవాళ్ల వైపు నుంచి దానం మెడనే చూస్తోంది. మెడ మీద చెమట బిందువు కనిపించింది. అతను కదల్లేదు.

అప్పుడు వాకిట్లో చెప్పుల చప్పుడయింది. అచ్చాయమ్మ. ఎప్పుడూ ఆ గుమ్మం దాకా రాని మనిషి. వసారా మెట్టు మీద కూర్చుని, చేతిలోని గిన్నె మూత తీసి పక్కన పెట్టుకుంది. కిటికీ దగ్గరున్న దానాన్ని వేలితో పిలిచింది. ఆమె ఎందుకొచ్చిందోనని అతను కంగారుగా బయటికి వచ్చాడు. వెనకే మెర్సీ.

"కూర్చో" అంది అచ్చాయమ్మ మెల్లగా. "ఆరు శనివారాలు నీకోసం మాడేను. రేపటితో ఏడు. ఇవాళ శుక్రవారం, నాకు ఉపవాసం లేదు. ఒక్కదాన్నీ తింటే నాకు అరగదు. నా పక్కన కూర్చుని నాలుగు మెతుకులు తినలేవా?"

"అమ్మా, ఇవాళ..."

"మీ దేవుడి రోజని నాకూ తెలుసయ్యా. ఆకలి తెలిసినాయనే కదా ఆయన."

దానం చర్చి తలుపు వైపు చూశాడు. లోపల దాహాన్ని గురించిన మాట మీద అయ్యగారు చెబుతున్నాడు. గొంతు కొంచెం బొంగురుగా ఉంది, ఆయనా నీళ్లు ముట్టలేదు. దానం మెట్టు మీద కూర్చున్నాడు. మెర్సీ క్యారేజీ విప్పి ముందు మజ్జిగ గ్లాసు అందించింది. అతను రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తెరిచాక బుగ్గలు తడిగా ఉన్నాయి. తాగాడు. కాప్స్యూలు వేసుకున్నాడు. పప్పన్నం ముద్ద కలిపాడు. పక్కన అచ్చాయమ్మ తన పెరుగన్నం తన గిన్నెలో తింటూ, ఇటు చూడకుండా ఎదురుగా ఉన్న కొబ్బరి చెట్ల వైపు చూస్తూ కూర్చుంది. మెర్సీ ఉపవాసంతో ఇద్దరికీ మధ్య నిలబడింది.

లోపలివాళ్లు కిటికీలోంచి చూశారు. సరోజిని లేచి, ఎండ అతని మీద పడకుండా కిటికీ రెక్క జరిపింది.

ఈస్టరు వెళ్లిన సోమవారం సెలవు. అయినా మెర్సీ సెంటరు తాళం తీసింది. కాటా నేల మీద పెట్టి ముల్లు సున్నా మీదుందో లేదో చూసుకుంది. దానం ఎక్కబోయి ఆగాడు. జేబులోంచి లాకుల తాళంచెవుల గుత్తి తీశాడు. మరో జేబులోంచి సెల్లు తీశాడు. ఆమె పళ్లెంలో రెండూ పెట్టి అప్పుడెక్కాడు.

మెర్సీ వంగి చూసింది. దిగమని, మళ్లీ ఎక్కమంది.

"ఎంత?" అన్నాడు.

"నలభై రెండూ ఎనిమిది వందలు."

"రెండు వందలు తక్కువ. గుత్తి మళ్లీ జేబులో వేసుకుంటే సరిపోయేది" అన్నాడు దానం.

ఆమె నవ్వింది. నవంబరు తరువాత ఆమె అలా నవ్వడం అదే మొదలు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసింది, నలభై రెండూ ఎనిమిది వందలు. ఆసుపత్రికి గురువారం రమ్మన్నారు. ఇంకా మూడు రోజులున్నాయి. అంటే పద్దెనిమిది వంతులు.

"పదండి" అంది కాటా గోడకి ఆనిస్తూ. "పదకొండయింది. మజ్జిగ వేళ."